ఆస్తమా ఉన్నవారికి సైనస్ ఆపరేషన్: ఏది తగ్గుతుంది, ఏది తిరిగి వస్తుంది

ఏళ్ల తరబడి ముక్కు దిబ్బడతో, వాసన తెలియని స్థితితో, తరచూ వచ్చే ఆయాసంతో బాధపడుతున్న వ్యక్తికి వైద్యుడు సైనస్ ఆపరేషన్ సూచించినప్పుడు ముందుగా వచ్చే ప్రశ్న ఒక్కటే: దీంతో ఆస్తమా కూడా తగ్గుతుందా? దొరికే జవాబులు మాత్రం ఒకదానితో ఒకటి పొసగవు. తగ్గుతుందని ఒకరంటారు. ఆస్తమా ఉన్నవారికి పాలిప్‌లు (ముక్కులో పెరిగే మెత్తని కండలు) ఎలాగూ మళ్లీ పెరుగుతాయి కాబట్టి ఆపరేషన్ దండగ అని మరొకరంటారు. ముక్కు జోలికి వెళ్తే ఆయాసం ముదురుతుందని ఇంకొకరు భయపెడతారు. వీటిలో ఏదీ పూర్తిగా అబద్ధం కాదు, ఏదీ పూర్తి నిజమూ కాదు, ఎందుకంటే ఇవి వేర్వేరు ప్రశ్నలకు చెప్పిన జవాబులు. ముక్కు బాధ తగ్గడం ఒక సంగతి, పాలిప్‌లు తిరిగి రాకపోవడం ఇంకొక సంగతి, ఊపిరితిత్తుల జబ్బు అదుపులోకి రావడం మరొక సంగతి. వీటిని విడదీసి చూడకపోతే రోగికి లేనిపోని ఆశ అయినా కలుగుతుంది, అందవలసిన చికిత్స అయినా అందకుండా పోతుంది.

ముక్కు దిబ్బడ, చీమిడి కారడం లేదా గొంతులోకి దిగడం, ముఖం బరువుగా నొప్పిగా ఉండడం, వాసన తగ్గడం అనే లక్షణాల్లో కనీసం రెండు 12 వారాలకు మించి కొనసాగి, ఎండోస్కోపీలో (సన్నని కెమెరా గొట్టంతో ముక్కు లోపల చూసే పరీక్షలో) గాని సీటీ స్కాన్‌లో గాని వాటికి ఆధారం కనిపిస్తే దాన్ని దీర్ఘకాలిక సైనసైటిస్ అంటారు. ఇందులో కొందరికి శ్లేష్మపొర నీరు పట్టి ఉబ్బి, మెత్తని కండలుగా ముక్కులోకి వేలాడుతుంది. ఇవే పాలిప్‌లు. దీర్ఘకాలిక సైనసైటిస్ ఉన్నవారిలో దాదాపు నాలుగోవంతు మందికి ఆస్తమా కూడా ఉంటుంది. పాలిప్‌లు ఉన్నవారిని మాత్రమే లెక్కిస్తే ఆ వాటా సగం దాకా వెళుతుంది.

ఇది కాకతాళీయం కాదు. ముక్కు నుంచి శ్వాసనాళాల దాకా లోపలి పొర దాదాపు ఒకే రకం కణాలతో, ఒకే రకం సూక్ష్మకేశాలతో పరుచుకుని ఉంటుంది. పాలిప్‌లలోనూ పెద్దవయసులో మొదలయ్యే అనేక ఆస్తమాలలోనూ కనిపించే రోగనిరోధక చర్య కూడా ఒకటే. ఇంటర్‌ల్యూకిన్-4, 5, 13 అనే సంకేతపదార్థాలు, ఇయోసినోఫిల్ అనే తెల్లరక్తకణాలు రెండు చోట్లా ఎక్కువగా ఉంటాయి. దీన్ని టైప్-2 వాపు అని పిలుస్తున్నారు. 2000, 2001 సంవత్సరాల్లో వెలువడిన డచ్ పరిశోధనలు ఈ బంధాన్ని చక్కగా చూపించాయి. అలర్జీ కలిగించే పదార్థాన్ని ఊపిరితిత్తిలోని ఒక చిన్న భాగంలో పెడితే ముక్కు పొరలో ఇయోసినోఫిల్‌లు పెరిగాయి, ముక్కులో పెడితే శ్వాసనాళాల్లో పెరిగాయి. సైనస్‌లోని చీము రాత్రిపూట ఊపిరితిత్తుల్లోకి జారి ఆస్తమాను రేపుతుందని చాలామంది అనుకుంటారు. కానీ 1990లో ప్రచురితమైన ఒక పరీక్షలో, సైనస్‌లో ఉంచిన రేడియోధార్మిక పదార్థం ఊపిరితిత్తుల్లోకి చేరలేదు. అంటే ఈ రెండు అవయవాల మధ్య సంబంధం కారిపడే చీమిడిది కాదు, ప్రధానంగా రక్తం ద్వారా, ఎముక మజ్జ ద్వారా నడిచే రోగనిరోధక వ్యవస్థది. ఆపరేషన్ ఫలితాలను అర్థం చేసుకోవడానికి ఈ ఒక్క విషయం చాలా అవసరం, ఎందుకంటే రక్తంలో ఉన్న కారణాన్ని కత్తితో తీసివేయడం సాధ్యం కాదు.

మరి ఆపరేషన్ చేసేది ఏమిటి? ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో వాల్టర్ మెసర్‌క్లింగర్ సైనస్‌లలోని శ్లేష్మం ఎప్పుడూ సహజ ద్వారం వైపే ప్రయాణిస్తుందని గమనించి, ఆ ద్వారాలను తెరిస్తే సైనస్ తనంతట తాను కోలుకోగలదని ప్రతిపాదించారు. ఆయన శిష్యుడు హైంజ్ స్టామ్‌బెర్గర్, అమెరికాలో డేవిడ్ కెన్నెడీ 1980లలో ఈ పద్ధతిని ప్రపంచానికి పరిచయం చేశారు. ముఖం మీద కోత లేకుండా, ముక్కు రంధ్రం గుండానే ఎండోస్కోప్‌తో చేసే నేటి ఆపరేషన్‌కు మూలం ఇదే. అయితే పాలిప్‌లు, ఆస్తమా కలిసి ఉన్న రోగిలో జబ్బు కేవలం ద్వారాలు మూసుకుపోవడం వల్ల వచ్చింది కాదు, పొర మొత్తానికీ పట్టినది. అక్కడ ఆపరేషన్ కాలువలో పూడిక తీయడం వంటిది: నీరు పారుతుంది, కాని పైనుంచి వచ్చే మట్టి ఆగదు. అసలు లాభం వేరే చోట ఉంది. ఆపరేషన్‌కు ముందు ముక్కులో కొట్టే స్ప్రే గాని, కడిగే సెలైన్ గాని సైనస్‌ల లోపలికి దాదాపుగా చేరదు. ద్వారాలు వెడల్పు అయ్యాక, స్టెరాయిడ్ కలిపిన సెలైన్‌తో కడిగితే మందు జబ్బు ఉన్న చోటికి నేరుగా అందుతుంది. కనుక ఆపరేషన్‌ను చికిత్స ముగింపుగా కాక, ముక్కులోనే నేరుగా వాడే మందుకు దారి చేసే పనిగా చూడడం సరైనదని నా అభిప్రాయం.

ముక్కు బాధల విషయంలో వార్త మంచిదే. వీటిని కొలవడానికి స్నాట్-22 అనే ప్రశ్నావళి వాడతారు. 22 ప్రశ్నలు, ఒక్కొక్కదానికి 0 నుంచి 5, మొత్తం 110. సంఖ్య ఎంత పెద్దదైతే బాధ అంత ఎక్కువ, సుమారు 9 పాయింట్లు తగ్గితే రోగికి తేడా తెలిసినట్టు. ఆస్తమా ఉన్నవారు, లేనివారు ఇద్దరిలోనూ ఆపరేషన్ తర్వాత ఈ సంఖ్య దాదాపు ఒకే మేరకు తగ్గుతుందని పలు అధ్యయనాలు చూపాయి. దిబ్బడ, చీమిడి, నిద్రలేమి వంటివి గణనీయంగా మెరుగుపడతాయి. వాసన తిరిగి వచ్చే అవకాశం ఉంది గాని, అది నిలుస్తుందన్న హామీ తక్కువ. అంటే, ఆస్తమా ఉందన్న ఒక్క కారణంతో ఆపరేషన్ నిరాకరించడానికి ఆధారం లేదు. ఇక్కడే ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. నెదర్లాండ్స్‌లో పాలిప్‌లు ఉన్న 238 మందిని రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు ఆపరేషన్‌తో పాటు మందులు, మరొక జట్టుకు మందులు మాత్రమే ఇచ్చి పోల్చిన పరీక్ష 2022లో వెలువడింది. ఏడాది తర్వాత ఆపరేషన్ జట్టు మెరుగ్గానే ఉంది, కానీ రెండింటి మధ్య సగటు తేడా దాదాపు 5 పాయింట్లే. పైన చెప్పిన 9 పాయింట్ల హద్దుకు అది తక్కువ. ఆపరేషన్ వృథా అని దీని అర్థం కాదు. సగటులో కలిసిపోయిన రోగుల్లో కొందరికి ఎంతో మేలు, కొందరికి స్వల్ప మేలు జరిగి ఉంటుంది. మందులు నిజంగా సరైన పద్ధతిలో, చాలినంత కాలం వాడి చూశాకే ఆపరేషన్ గురించి ఆలోచించాలన్న నియమానికి మాత్రం ఇది గట్టి బలం.

ఆస్తమా విషయం దీనికంటే చిక్కుగా ఉంటుంది. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో, పాలిప్‌లు తీశాక ఆస్తమా ముదిరిందన్న నివేదికలు వచ్చాయి, ఆ భయం చాలాకాలం నిలిచింది. ఆనాటి రోగుల్లో కొందరికి ఆస్పిరిన్ పడకపోవడం, ఆనాటి మత్తుమందు పద్ధతులు, ఆస్తమాకు సరైన మందులే లేకపోవడం వంటివి దృష్టిలో పెట్టుకుంటే ఆ నివేదికలు ఆశ్చర్యం కలిగించవు. నేటి ఎండోస్కోపిక్ పద్ధతి వచ్చాక చిత్రం తిరగబడింది. 2013లో ప్రచురితమైన ఒక విశ్లేషణ 22 అధ్యయనాలను, 891 మంది రోగులను కలిపి చూసింది. ఆపరేషన్ తర్వాత ఆస్తమా అదుపు మెరుగైందని 76 శాతం మంది చెప్పారు. ఆయాసం ఎటాక్‌లు తగ్గినవారు దాదాపు 85 శాతం, ఆస్పత్రిలో చేరవలసిన సందర్భాలు తగ్గినవారు 64 శాతం, స్టెరాయిడ్ మాత్రల వాడకం తగ్గినవారు 73 శాతం. ఈ అంకెలు చదివితే ఎవరికైనా ఆశ కలుగుతుంది. అదే విశ్లేషణలో ఇంకొన్ని అంకెలున్నాయి. పీల్చే స్టెరాయిడ్ తగ్గించగలిగినవారు 28 శాతం మాత్రమే. ఒక్క సెకనులో బలంగా ఊదగలిగిన గాలి పరిమాణంలో, అంటే ఊపిరితిత్తుల పరీక్షలో ముఖ్యమైన కొలతలో, వచ్చిన సగటు మెరుగుదల 1.62 శాతం. ఆ కొలతలో అంత చిన్న మార్పును రోగి గుర్తించలేడు.

రోగి తేలికపడ్డానంటున్నాడు, యంత్రం పెద్ద తేడా లేదంటోంది. ఈ వైరుధ్యాన్ని ఎలా అర్థం చేసుకోవాలి? యంత్రమే సత్యమనీ రోగి భ్రమపడుతున్నాడనీ తీర్మానించడం తొందరపాటు. ఆస్తమా ఉన్న చాలామందికి ఎటాక్ లేని సమయంలో ఊదే పరీక్ష దాదాపు సాధారణంగానే ఉంటుంది, కాబట్టి పెరగడానికి అందులో చోటు తక్కువ. జలుబు, సైనస్ ఇన్ఫెక్షన్ తగ్గితే వాటి వెంట వచ్చే ఎటాక్‌లు తగ్గుతాయి, ఆ తగ్గుదల మామూలు రోజున చేసే పరీక్షలో కనిపించదు. నోటితో కాక ముక్కుతో శ్వాస తీసుకున్నప్పుడు గాలి వెచ్చబడి, తేమ పట్టి లోపలికి వెళుతుంది. రాత్రి నిద్ర బాగుపడుతుంది. ఇవన్నీ నిజమైన లాభాలే.

అయినా ఆ పెద్ద అంకెలను ఉన్నవున్నట్టు నమ్మడానికి నాకు మనసొప్పదు. వాటి వెనుక ఉన్న అధ్యయనాల్లో అత్యధికం ఆపరేషన్ చేయించుకున్నవారిని వారి పాత స్థితితోనే పోల్చినవి, ఆపరేషన్ లేని జట్టుతో కాదు. మనిషి ఆపరేషన్‌కు ఒప్పుకునేది జబ్బు అత్యంత తీవ్రంగా ఉన్న దశలో, ఆ తీవ్రత కొంత తనంతట తానే దిగుతుంది. ఆపరేషన్ పేరుతో వైద్యుల పర్యవేక్షణ పెరిగి, ఇన్‌హేలర్ సక్రమంగా వాడడం కూడా మొదలవుతుంది. స్టెరాయిడ్ మాత్రల తగ్గుదలలో మరో మెలిక ఉంది. పాలిప్‌లు ఉన్నవారు ఆ మాత్రలను ఊపిరితిత్తుల కోసమే కాదు, ముక్కు కోసమూ వాడతారు. ముక్కు తెరుచుకున్నాక వాటి అవసరం తగ్గితే, ఆ గొప్పతనాన్ని ఆస్తమా ఖాతాలో రాయడం సరికాదు. ముక్కుకు చికిత్స చేస్తే ఊపిరితిత్తులు వాటంతట అవే బాగుపడతాయన్న నమ్మకానికి ఇంకొక దెబ్బ 2015లో తగిలింది. ఆస్తమాతో పాటు ముక్కు, సైనస్ జబ్బు ఉన్నవారికి 24 వారాలు ముక్కు స్టెరాయిడ్ స్ప్రే లేదా మందు లేని ఉత్తుత్తి స్ప్రే ఇచ్చి పోల్చిన పెద్ద అమెరికన్ పరీక్షలో ఆస్తమా అదుపులో తేడా కనిపించలేదు. స్ప్రేకూ ఆపరేషన్‌కూ పోలిక పూర్తిగా కుదరదు, నిజమే. కానీ రెండు అవయవాల జబ్బు ఒకటే అన్నంత మాత్రాన ఒకదానికి చేసిన చికిత్స రెండోదానికి చాలదని అది స్పష్టంగా చెబుతోంది. అందువల్ల ఆపరేషన్‌ను ముక్కు కోసం చేయించుకోవాలి. ఆస్తమాకు దక్కే మేలు అదనం. కేవలం ఆస్తమా తగ్గించడానికి సైనస్ ఆపరేషన్ చేయించుకోమని ఎవరైనా చెబితే ఆ సలహాకు ఆధారం బలహీనం.

ఇక జబ్బు తిరిగి రావడం. ఆస్తమా ఉన్నవారికి నిజమైన ప్రతికూలత ఇక్కడే ఉంది, దాన్ని దాచడం మంచిది కాదు. 2011లో ప్రచురితమైన, 549 మంది పాలిప్ రోగుల అధ్యయనంలో, ఐదేళ్లలోపు మళ్లీ ఆపరేషన్ అవసరమయ్యే అంచనా ఆస్తమా లేనివారిలో 10 శాతం, ఆస్తమా ఉన్నవారిలో 25 శాతం, ఆస్తమాతో పాటు ఆస్పిరిన్ పడనివారిలో 37 శాతం. పదేళ్లకు ఆ అంచనాలు 17, 42, 89 శాతానికి పెరిగాయి. భయం పుట్టించే సంఖ్యలివి. కానీ 2020లో 45 అధ్యయనాలను కలిపిన విశ్లేషణలో రెండో ఆపరేషన్ రేటు మొత్తం మీద 18.6 శాతం, ఆస్తమా ఉన్నవారిలో 22.6 శాతం, ఆస్పిరిన్ పడనివారిలో 27.2 శాతం మాత్రమే. వరుస అదే, సంఖ్యల స్థాయే వేరు. ఒక్కో కేంద్రానికి వచ్చే రోగుల తీవ్రత, ఎంత కాలం గమనించారన్నది, ఆపరేషన్ ఎంత సంపూర్ణంగా చేశారన్నది, తర్వాత కడగడం, మందులు ఎంత శ్రద్ధగా సాగాయన్నది ఈ తేడాకు కారణమై ఉండవచ్చు. కాబట్టి ఏ ఒక్క శాతాన్నీ తన భవిష్యత్తుగా రోగి భావించనవసరం లేదు.

తిరిగి వచ్చిందని అనడంలోనూ మూడు మెట్లున్నాయి. ఎండోస్కోప్‌లో పాలిప్ కనిపించడం, దానివల్ల బాధ మొదలవడం, మళ్లీ ఆపరేషన్ తప్పకపోవడం. మొదటి మెట్టు చాలా సాధారణం. ఒక అమెరికన్ అధ్యయనంలో ఆరు నెలలకే 35 శాతం మందిలో, ఏడాదిన్నరకు 40 శాతం మందిలో పాలిప్‌లు మళ్లీ కనిపించాయి. అయినా వారి లక్షణాలలో సగటు మెరుగుదల నిలిచే ఉంది. బెల్జియంలోని ఘెంట్‌లో కొద్దిమంది రోగులను 12 ఏళ్లపాటు గమనిస్తే దాదాపు 80 శాతం మందిలో పాలిప్‌లు తిరిగి వచ్చాయి, రెండో ఆపరేషన్ మాత్రం సుమారు 37 శాతం మందికే జరిగింది. అంటే పాలిప్ మళ్లీ కనిపించినంత మాత్రాన ఆపరేషన్ విఫలమైనట్టు కాదు. షుగర్, బీపీ మాదిరిగానే దీన్నీ అదుపులో ఉంచుకోవలసిన దీర్ఘకాలిక జబ్బుగా ముందే చెప్పి ఉంటే, ఆ మొదటి పాలిప్ చూసి రోగి కుంగిపోడు.

ఆస్పిరిన్ పడనివారి గురించి విడిగా చెప్పక తప్పదు. ఆస్తమా, పాలిప్‌లు, ఆస్పిరిన్ లేదా ఆ కుటుంబానికి చెందిన నొప్పి మాత్రలు వేసుకుంటే ఆయాసం రావడం అనే మూడూ కలిసిన ఈ జబ్బును 1922లో ఫ్రెంచ్ వైద్యుడు విడాల్ వర్ణించారు. 1968లో సామ్టర్, బీర్స్ రాసిన వ్యాసంతో అది సామ్టర్ త్రయంగా ప్రసిద్ధమైంది. పెద్దవారి ఆస్తమాలో దాదాపు 7 శాతం, తీవ్రమైన ఆస్తమాలో దాదాపు 15 శాతం ఈ కోవకు చెందుతాయి. ఇది మామూలు అలర్జీ కాదు. ఈ మాత్రలు కాక్స్-1 అనే ఎంజైమ్‌ను అడ్డుకోగానే రక్షణ ఇచ్చే ప్రోస్టాగ్లాండిన్ తగ్గి, శ్వాసనాళాలను బిగించే ల్యూకోట్రైన్‌లు ఒక్కసారిగా పెరుగుతాయి. వీరికి పాలిప్‌లు అందరికంటే త్వరగా తిరిగి వస్తాయి. కానీ వీరికే ఒక ప్రత్యేక మార్గం కూడా ఉంది. సంపూర్ణమైన ఆపరేషన్ చేసి, కొన్ని వారాల తర్వాత ఆస్పత్రి పర్యవేక్షణలో అతి తక్కువ మోతాదుతో మొదలుపెట్టి ఆస్పిరిన్‌ను శరీరానికి అలవాటు చేసి, ఆపైన రోజూ కొనసాగిస్తే పాలిప్‌ల పెరుగుదల నెమ్మదిస్తుంది. దీన్ని ఇంట్లో ప్రయత్నించడం ప్రాణాంతకం. ఆస్తమా, పాలిప్‌లు రెండూ ఉన్న ప్రతి ఒక్కరినీ ఆపరేషన్‌కు ముందే నొప్పి మాత్రల గురించి అడగాలి. అడగకపోతే ఆపరేషన్ అయిన రాత్రి ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లేదా కెటోరోలాక్ ఇవ్వడం, దాని వెంట తీవ్రమైన ఎటాక్ రావడం జరగవచ్చు.

మత్తుమందు భయం సంగతి త్వరగా ముగించవచ్చు. అదుపులో ఉన్న ఆస్తమా ఆపరేషన్‌కు అడ్డంకి కాదు, అదుపులో లేనిది నిజంగా ప్రమాదం. పిల్లికూతలు వినిపిస్తున్నా, ఇటీవలే ఎటాక్ వచ్చినా ఆపరేషన్ వాయిదా వేయడమే సరైనది. ఇన్‌హేలర్లను ఆపరేషన్ రోజు ఉదయం కూడా వాడాలి. పాలిప్‌లు ఉన్నవారికి ముందు కొన్ని రోజులు స్టెరాయిడ్ మాత్రలు ఇస్తే రక్తస్రావం తగ్గి సర్జన్‌కు దారి బాగా కనిపిస్తుంది, శ్వాసనాళాలూ స్థిమితపడతాయి. గుండె వేగం తగ్గించి రక్తస్రావం అదుపు చేయడానికి వాడే బీటా బ్లాకర్ల విషయంలో మాత్రం మత్తుమందు వైద్యులు ఈ రోగుల్లో జాగ్రత్త పడతారు. కన్నుకు దెబ్బ, మెదడు చుట్టూ ఉండే ద్రవం కారడం వంటి పెద్ద ప్రమాదాలు అనుభవజ్ఞుల చేతుల్లో ఒక శాతానికి తక్కువే.

పాలిప్‌లను మాత్రమే కత్తిరించి వదిలేయడం కంటే, జబ్బు పట్టిన సైనస్‌లన్నింటినీ తెరిచే సంపూర్ణ ఆపరేషన్ ఆస్తమా ఉన్నవారికి మేలని నేడు ఎక్కువమంది సర్జన్లు భావిస్తున్నారు, మందు లోపలికి చేరాలన్న తర్కానికి కూడా అదే సరిపోతుంది. ఆపరేషన్ తర్వాత నెలల తరబడి, తరచూ ఏళ్ల తరబడి, సెలైన్‌తో కడగడం, ముక్కులోనే నేరుగా వాడే స్టెరాయిడ్ కొనసాగాలి. ఊపిరి తేలికైందని ఇన్‌హేలర్ మానేయడం వీరు చేయగల అతి పెద్ద పొరపాటు. శ్వాసనాళాల్లోని వాపు ముక్కు ఆపరేషన్‌తో పోలేదని పైన చూసిన ఊదే పరీక్ష అంకెలే చెబుతున్నాయి.

2019లో అమెరికాలో పాలిప్‌లకు డుపిలుమాబ్ అనే ఇంజెక్షన్ అనుమతి పొందినప్పటి నుంచి ఈ చర్చ కొత్త మలుపు తిరిగింది. ఒమలిజుమాబ్, మెపోలిజుమాబ్ తర్వాత చేరాయి. ఇవి టైప్-2 వాపు సంకేతాలను రక్తంలోనే అడ్డుకుంటాయి, కాబట్టి ముక్కు మీదా ఊపిరితిత్తుల మీదా ఒకేసారి పనిచేయగలవు. ఆపరేషన్ చేయలేనిది ఇదే. కానీ మందు ఆపితే పాలిప్‌లు మళ్లీ పెరగడం సాధారణం, ఖర్చు చాలా ఎక్కువ. 2020 నాటి యూరోపియన్ మార్గదర్శకం, ఇదివరకు సైనస్ ఆపరేషన్ జరిగి, రెండు వైపులా పాలిప్‌లు ఉన్నవారిలో ఐదు లక్షణాలకు మూడు ఉంటే వీటిని పరిశీలించమంది. టైప్-2 వాపు ఆధారం, తరచూ స్టెరాయిడ్ మాత్రల అవసరం, స్నాట్-22 సంఖ్య 40 లేదా అంతకు మించడం, వాసన బాగా పోవడం, ఇన్‌హేలర్ నిత్యం అవసరమైన ఆస్తమా ఉండడం అనేవి ఆ ఐదు. ఆస్తమా స్వల్పంగా ఉండి ముక్కు పూర్తిగా మూసుకుపోయిన వ్యక్తికి ముందు ఆపరేషన్ చేయడం సహేతుకం. ఊపిరితిత్తుల కోసమే ఎలాగూ ఇంజెక్షన్ అవసరమైనంత తీవ్రమైన ఆస్తమా ఉన్న వ్యక్తికి ముందు ఇంజెక్షన్ ఇచ్చి, ముక్కు ఎంత తెరుచుకుంటుందో చూడడం సహేతుకం. అందుకే ఆస్తమా చూసే వైద్యుడు, ముక్కు సర్జన్ ఇద్దరూ కలిసి ఒకే నిర్ణయానికి రావాలి. ఆ నిర్ణయానికి ఆధారమయ్యే రక్తంలోని ఇయోసినోఫిల్ పరీక్షను స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టక ముందే చేయించాలి. ఆ మాత్రలు ఇయోసినోఫిల్‌లను తగ్గించి, ఉన్న జబ్బును లేనట్టు చూపిస్తాయి.